పరమగురువులకు కూడా కోపం వచ్చేదా?

బాపూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ప్రతి ఆదివారం నువ్వు వెళ్ళే హనుమకొండ దివ్యజ్ఞాన సమాజం హాలుకు నిన్న ఒక బౌద్ధ భిక్షువు వచ్చారు. కరీంనగర్ వైపు మనిషట, మన మాటే మాట్లాడారు. నువ్వుంటే ముందు వరుసలో కూర్చునేవాడివి.

హిమాలయాల్లో ఉన్నారని నువ్వు నమ్మిన పరమగురువుల్లాగే బౌద్ధులకు అరహంతులున్నారట. ఎన్నో జన్మలెత్తి, ఏ దోషమూ మిగలకుండా పరిపూర్ణులైన మనుషులు. అది వింటుంటే నీ చివరి రోజులు గుర్తొచ్చాయి. దవాఖానలో అమ్మ మీద అరిచావు. తర్వాత గోడవైపు తిరిగి, "ఇన్నేండ్లు ధ్యానం చేసినా కోపం పోలె బిడ్డా. నేనేం శిష్యుణ్ణి?" అన్నావు.

అందుకే లేచి అడిగాను. "అరహంతులకు కూడా ఒకప్పుడు కోపం వచ్చేదా?"

"ఎందుకు రాదు బిడ్డా? వాళ్ళు సుత మనుషులే గద," అన్నారాయన. "కోపమొచ్చిందని తెలిసి బాధపడ్డోడు తొవ్వ మీద ఉన్నట్టే."

బస్సెక్కాలని కూడా తోచలేదు. ఆ మాటే అనుకుంటూ కాశిబుగ్గలో మన ఇంటి దాకా నడిచి వచ్చాను. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నువ్వు దవాఖానలో అన్నదీ, ఆయన చెప్పిందీ అంతా చెప్పాను. అమ్మ చెయ్యి ఆపి నా వైపు చూసింది.

"మీ బాపు నన్ను తిట్టిండా? ఎప్పుడే?"

నిజంగానే మరిచిపోయిందా, నీ కోసం మరిచిపోయిందా? ఈ పొద్దున్నుంచి ఆమె ముఖమే చూస్తున్నాను బాపూ. తెలియడం లేదు.