వదిన చేపలకు తెల్లమచ్చలు

వదినా, డాక్టరు నిన్ను మంచం దిగొద్దన్నాడని నేను తెచ్చుకున్న నీ సముద్రపు చేపల కబురిది, కంగారుపడకు. ప్రయాణపు కుదుపుకి నీరసించి, ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు లేచాయి. మా ఆయన తొట్టిలోనే మందు పోయబోతుంటే చేపల కొట్టాయన, "ఆగండి సార్! అది రాగి మందు, తొట్టిలోని పగడపు జీవాలు చచ్చిపోతాయి. చేపల్ని వేరే తొట్టిలోకి మార్చి, అందులో వెయ్యండి" అని ఆపాడు. అలాగే చేసినా నీలం చేప మాత్రం దక్కలేదు. నీ వంతు కూడా నేనే ఏడ్చేశాను, నువ్వు బెంగపెట్టుకోకు. మిగిలినవి మేతకు ఎగబడుతున్నాయి. చేపలు లేకుండా కొన్ని వారాలుంచితే పెద్ద తొట్టిలోని ఆ మచ్చల పురుగు తిండిలేక చస్తుందట, అందాకా వీటిని విడిగానే ఉంచుతాను. నీళ్ల ఉప్పదనం చూసే మీటరు ఏ పెట్టెలో సర్దావు? అన్నయ్య చేత రాయించు, నువ్వు లేవకు. కడుపులో బిడ్డ బాగా కదులుతోందా? పొట్టమీద చెయ్యి వేసి, మేనత్త దీవెనలు చెప్పు.

నీ ఆడపడుచు