వాన రోజున ఎండ

ఇందుకూరుపేట,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు,

నీ కూతురు భవాని నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. ఇది ఉత్తరం మొదట్లో అలవాటు కొద్దీ రాసే మాట కాదమ్మా, ఒక్కొక్కరినీ తలుచుకుని, అందరూ ఉన్నారని చూసుకుని రాశాను. నువ్వూ అక్కడ బాగున్నావని నమ్ముతున్నాను.

ప్రేమలీల అక్క సెలవు అయిపోయింది. బుధవారం మళ్ళీ మీ కువైట్‌కు విమానం ఎక్కుతోంది. ఎండు నెత్తళ్ళ పొడి, నువ్వడిగిన తైలం, ఈ ఉత్తరం ఆమె చేతికి ఇస్తున్నాను. ఫోనులో చెప్పకూడదా అంటావేమో. శుక్రవారం నీ ఫోను రాగానే నాయన స్పీకరు పెట్టి నా పక్కనే కూర్చుంటాడు. ఈ సంగతి ఆయన వినకుండా నీకు చెప్పాలి.

"పొద్దస్తమానం కంప్యూటర్లో ఏం చూస్తా ఉంటావు మే, సినిమానా?" అని మొన్న ఫోనులో అడిగావు. చూసేది డ్రైవర్ల కళ్ళు. మా ఆఫీసుకు పద్నాలుగు బస్సులు, ఇరవై ఆరు రొయ్యల లారీలు ఉన్నాయి. ప్రతి బండిలోనూ స్టీరింగుకు ఎదురుగా ఒక కెమెరా పెట్టారు. డ్రైవరు కళ్ళు రెండు సెకన్లకు మించి మూసుకుంటే బండిలో కూత వస్తుంది, కోవూరులో నా తెర మీద ఎర్ర గుర్తు పడుతుంది. నేను ఆ వీడియో ముక్క చూసి అది నిద్రో కాదో తేల్చాలి. నిద్రయితే రిపోర్టు రాయాలి. కాకపోతే కారణం నొక్కాలి: తుమ్ము, కళ్ళజోడు, ఎండ. పొద్దున పూట తూర్పుకు పోయే బండ్లకు ఎండ కళ్ళల్లో కొడుతుంది. డ్రైవరు కళ్ళు చికిలిస్తే కెమెరా నిద్రే అనుకుంటుంది. డిగ్రీ చదివి మగవాళ్ళ కళ్ళల్లోకి చూసే ఉద్యోగం సంపాదించావని నాగులమ్మ పెద్దమ్మ ఎగతాళి చేస్తుంది.

డ్రైవర్లకు ఆ కెమెరా అంటే గిట్టదు. మొన్న శుక్రవారం లారీ తోలే ఆదెయ్య బండికి పూజ చేసి స్టీరింగుకు, అద్దానికి పెట్టినట్టే కెమెరాకూ పసుపు, కుంకుమ పెట్టాడు. నా తెరంతా ఎర్రగా అయిపోయింది. ఫోను చేసి తుడవమంటే, "బండిలో ఉండే కన్ను గదమ్మా, దానికి బొట్టు పెట్టకుంటే ఎట్లా?" అన్నాడు. "అయినా నేను తుమ్మితే గూడా నీకు తెలిసిపోతా ఉండాదే! నా పెళ్ళానికి గూడా ఇంత అనుమానం లేదు." ఆఫీసంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మధ్య నవ్వడానికి కూడా ఒళ్ళు బరువుగా ఉంటోంది.

నాయన చక్కెర మాత్రలు వేసుకుంటున్నాడా అని అడిగావు. వేసుకుంటున్నాడు. వేళకు తింటున్నాడా అని అడిగావు. తింటున్నాడు. నిద్రపోతున్నాడా అని మాత్రం నువ్వు అడగలేదు. చాలా రోజుల వరకు నేనూ అడగలేదు.

నువ్వు పంపిన డబ్బుతో గుత్తకు తీసుకున్న రొయ్యల గుంట దగ్గర, మొదటి పంటకు ఒక కాపలా మనిషి ఉండేవాడు. ఒక రాత్రి అతను కునుకు తీశాడు, కరెంటు పోయింది, ఏరేటర్లు ఆగిపోయాయి, తెల్లారేసరికి గాలి అందక రొయ్యలన్నీ చచ్చి తేలాయి. "నిద్రపోయేవోడికి కాపలా ఎందుకురా" అని నాయన అతన్ని పంపించేశాడు. అప్పటినుంచి గుంట గట్టున కాపలా మంచం మీద నాయనే ఉంటున్నాడు. కరెంటు పోతే లేచి డీజిలు ఇంజను వేస్తాడు. పంట చేతికొచ్చే నెలల్లో కన్ను మూయడు. తెల్లవారుజామున ఇంటికొచ్చి మొహం కడుక్కుని, నన్ను బండి మీద ఎక్కించుకుని కోవూరు వస్తాడు. అక్కడ మా ఆఫీసు బస్సు తీసి, రొయ్యల ప్లాంటులో పనిచేసే ఆడవాళ్ళను ఎక్కించుకుని, పెన్నా వంతెన దాటి సముద్రం వైపు పోతాడు. ముప్పై ఇద్దరు ఆడవాళ్ళు. కోవూరులో ఉండే మన నాగులమ్మ పెద్దమ్మ కూడా అందులోనే.

ఇక నువ్వు చివర్న అడిగినది. "మీ నాయన్ని బస్సు దించమని రిపోర్టు రాసినోడు ఎవుడు? వాడి చెయ్యి పడిపోను" అన్నావు.

ఆ చెయ్యి నాదమ్మా.

నా వంకర కూడా చెబుతాను, విను. శ్రావణంలో మొదటిసారి నాయన బస్సు మీద ఎర్ర గుర్తు పడింది. వీడియో తెరిస్తే మన నాయన మొహం. ఎండే అయ్యుంటుందని అనుకుని 'ఎండ' నొక్కాను. నిజంగానే ఆ రోజు ఎండ ఉంది. తరువాతి వారం మళ్ళీ పడింది. ఈసారి పూర్తిగా చూడలేదు, నొక్కేశాను. అలా పదకొండు సార్లు. చూస్తే తెలిసిపోతుందని చూడడం మానేశాను. "కెమెరా ఎండను గూడా నిద్ర అనుకుంటుంది నాయనా" అని ఇంట్లో ఆయనకు ధైర్యం చెప్పింది కూడా నేనే.

కార్తీకంలో ముసురు పట్టింది గదా. మూడో రోజు పొద్దున ఆరున్నరకు గుర్తు పడింది. అలవాటుగా 'ఎండ' నొక్కి టీ గ్లాసు అందుకున్నాను. కిటికీ బయట వాన దంచి కొడుతోంది. రెండు రోజులుగా సూర్యుడి మొహమే లేదు. గ్లాసు కింద పెట్టి వీడియో తెరిచాను.

నాలుగు సెకన్లు. నాయన తల వాలలేదు, చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. కళ్ళు మాత్రం మెల్లగా మూసుకుని అలాగే ఉండిపోయాయి. కూత మొదలై రెండు సెకన్లు అయ్యాక గానీ ఉలిక్కిపడి తెరవలేదు. వెనక సీట్లలో అందరూ నిద్రే. పెద్దమ్మ తల కిటికీకి ఆనించి నోరు తెరుచుకుని పడుకుంది. బస్సు నలభై ఐదులో పోతోంది. లెక్క వేశాను. నాలుగు సెకన్లకు యాభై మీటర్లు. యాభై మీటర్లు ఆ బస్సును ఎవరూ తోలలేదమ్మా. అక్కడ రోడ్డుకు రెండు పక్కలా గుంటలే.

మధుబాబు సారు మా మేనేజరు. ఆయన ముందు పన్నెండు వీడియోలూ పెట్టాను. మొదట తెర వైపు చూశాడు, తరువాత నా వైపు.

"ఇది మీ నాయన గదమ్మా?"

"అవును సార్."

"ఏం జరగలేదు గదా. పిలిచి ఒక మాట చెప్పి వదిలేద్దాం."

"జరిగుంటే నేను మీకు చూపించేదాన్ని కాదు సార్. చూపించడానికి నాకు మొహం ఉండేది కాదు."

సారు పెన్ను మూత తీశాడు. మొదటి పదకొండు దాచినందుకు నాకు మెమో ఇచ్చాడు. నాయనను బస్సు దించి షెడ్డులో టైర్ల పనికి వేశాడు. నీ పేరు బయటికి రానివ్వను, మెషీను పట్టిందని చెబుతాను అన్నాడు. నేను సరేనన్నాను. అది రెండో పిరికితనం.

జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదమ్మా. అందరూ నాయన పక్షమే. పోయిన ఆదివారం పెద్దమ్మ వచ్చి, "కొత్తోడు తోల్తా ఉంటే నడుములు ఇరుగుతా ఉండాయి పోలయ్యా. నువ్వు తోల్తే ఉయ్యాల్లో పండుకున్నట్టే ఉండేది" అంది. నాయన చేతుల మీది టైరు మసి చూసుకుంటూ, "పంతొమ్మిదేళ్ళు వదినా. ఒక్క కోడిపిల్లను గూడా తొక్కలా. ఆ పెట్టె నన్ను దొంగను చేసి పెట్టింది" అన్నాడు.

"నిద్ర పట్టి ఉంటాదేమో నాయనా" అన్నాను.

"అది ఎండకు గూడా నిద్ర అంటదని నువ్వే గదా చెప్పినావు!"

పెద్దమ్మ నన్ను కసిరింది. నేను లేచి వంటింట్లోకి పోయాను.

ఆఫీసువాళ్ళు ఆయనకు తలుపు మూసెయ్యలేదు. రాత్రిపూట వేరే పని చెయ్యను, ఏడు గంటలు నిద్రపోయాకే బండి ఎక్కుతాను అని సంతకం పెడితే నెలలో బస్సు తిరిగి ఇస్తామన్నారు. నాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సంతకం పెడితే గుంట ఎవురు చూస్తారు? ఇంకొక్క పంట వస్తే మీ అమ్మ వచ్చేస్తాది. ఆమెకు మాట ఇచ్చినా" అన్నాడు. నేను కాపలా ఉంటానంటే, ఆడపిల్లను గుంట మీద పడుకోబెట్టి బతకాల్నా అని అరిచాడు. ఇప్పుడు కోవూరులో ఒక కాలేజీవాళ్ళు తమ బస్సుకు రమ్మన్నారు. దానికి కెమెరా లేదు. రేపు కాదు, పై సోమవారం నుంచి చేరతానని ఒప్పుకుని వచ్చాడు. ఆ మాట చెబుతూ ఎన్నో వారాల తరువాత నవ్వాడు. రాత్రి గుంట, పొద్దున పిల్లల బస్సు. ఈసారి ఆయన కళ్ళు మూసుకుంటే కూత కూడా ఉండదు.

ఆ కాలేజీకి పోయి చెబుదామా అనుకున్నాను. చెబితే ఆ పని పోతుంది, ఇంకో బండి దొరుకుతుంది. ఊరి నిండా బండ్లే. అలిసిపోయాను అమ్మా. ఆయన్ను బండ్ల నుంచి దించుతూ ఎన్నాళ్ళు తిరగను?

అందుకే నిన్ను అడుగుతున్నాను. శుక్రవారం ఆయనతో, గుంట వదిలెయ్యమని చెప్పు. నేను చెబితే వినడు. మాట ఇచ్చింది నీకు, వద్దనాల్సింది కూడా నువ్వే. గుంట వదిలేస్తే ఆ పంట డబ్బు రాదు, వచ్చే ఏడాది నువ్వు రాలేవు. ఇంకో రెండేళ్ళో, మూడేళ్ళో పరాయి ఇంట్లోనే ఉండాలి. అది తెలిసే అడుగుతున్నాను. కూతురు తల్లిని అడగకూడనిది ఇదొక్కటే ఉంటుందేమో, అదే అడుగుతున్నాను.

రిపోర్టు రాసింది నేనేనని గురువారం నాయనకు చెప్పేస్తాను. నీ ఫోను వచ్చేలోపు ఆయన కోపమో ఏడుపో కొంతైనా తగ్గాలి. శుక్రవారం ఆయన ఫోను ఎత్తకపోతే కంగారుపడకు, నా నంబరుకు చెయ్యి. ఎక్కడున్నా వెతికి, ఆయన చెవి దగ్గర పెట్టి పట్టుకుంటాను. నువ్వు చెప్పు. ఆయన మాట్లాడకపోయినా చెప్పు.

ఇట్లు,
నీ కూతురు
గంగాభవాని