పసుపు కంపెనీకి పెట్టిన పేరు

మస్కట్.

అవ్వా,

నీకూ బాపుకూ ఇక్కడి నుంచే కాళ్లకు మొక్కుతున్నాను. నేనూ మీ అల్లుడూ బాగున్నాం. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? ఫోన్‌లో అడిగితే "మంచిగనే ఉన్న, నువ్వు పైలం బిడ్డా" అని పెట్టేస్తావు. అందుకే సెలవు మీద వస్తున్న మన వాడకట్టు శంకరన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. తమ్ముని భార్య లావణ్య చదివి వినిపిస్తుంది. కోడలు చదువుతుంటే మధ్యలో లేచి పొయ్యి దగ్గరికి పోకు.

ఇక్కడ ఎండలు మన రోహిణి కార్తెను మించిపోయాయి. మీ అల్లుడు కుబూస్ రొట్టెకు అలవాటు పడ్డాడు గానీ నాకింకా గొంతు దిగదు. ఆయన బండి తీసుకుని డ్యూటీకి పోయాక గదిలో ఒక్కదాన్నే ఉంటే ఒక్కోసారి ఊరికే ఏడుపొస్తుంది. నువ్వు పరేషాన్ కాకు. సూపర్ మార్కెట్‌లో కౌంటర్ దగ్గర కూర్చున్నానంటే అన్నీ మరిచిపోతాను. రోజంతా నా చేతుల మీదుగా మసాలా పొట్లాలు పోతుంటాయి. ప్రతి పొట్లం మీద ఎవరిదో ఒక పేరు.

మన పసుపు అమ్మకానికి ఇంటర్నెట్‌లో దుకాణం తెరుద్దామన్నప్పుడు అందరికంటే ముందు ఎగిరింది నేనే కదా. పసుపు ఉడకబెట్టి, ఎండబోసి, గిర్ని పట్టించే పని నీది. పొట్లాలు కట్టి పంపేది లావణ్య. పేరు వెతికే పని నాది. ఎంత సులువో అనుకున్నాను. పసుపు అని వెతికితే ఆ పేరు మీది ఇంటర్నెట్ అడ్రస్ ఎవరో ఎప్పుడో కొనేశారు. మన మెట్‌పల్లి పేరుతో వెతికితే అదీ పోయింది. నా పక్క కౌంటర్‌లో పనిచేసే కేరళ పిల్ల షీబాకు ఇవన్నీ బాగా తెలుసు. ఫోన్‌లో ఒక్కసారి చెప్తే ఎదుటివాళ్లకు అర్థమయ్యే పేరే మంచి పేరని ఆమె చెప్పింది. అప్పుడు తట్టింది బాపు పేరు. "మల్లయ్య పసుపు" అని పెట్టి, అడ్రస్ కొని, మన ఊరి గ్రూపులో పంపి, రెండు రోజులు నా కాలు నేల మీద నిలవలేదు.

ఆర్డర్ల ఫోను మాత్రం ఎప్పుడూ ఇంట్లో ఉంటావని నీ చేతికిచ్చాం. అక్కడే తప్పు చేశాను.

పోయిన నెల హైదరాబాద్‌లో కిరాణం నడిపే ఒకామె దుకాణానికి సందేశం పెట్టింది. ఫోన్ చేస్తే ఎవరో పెద్దామె ఎత్తిందట, కంపెనీ పేరు అడిగితే చెప్పలేదట, మీది నిజం కంపెనీయేనా అని అడిగింది. ఆ ఆర్డర్ పోయింది. నాకేమీ అర్థం కాలేదు. మరుసటి రోజు షీబా ఫోన్ తీసుకుని, గొంతు మార్చి నేనే నీకు ఫోన్ చేశాను. గుర్తుందా?

"పసుపు గావాలె. మీ కంపెనీ పేరేంది?" అన్నాను.

"పేరు... గా సంచి మీద ఉంటది సూడు," అన్నావు.

"నా దగ్గర సంచి లేదు."

"గట్లయితే జర ఆగమ్మా, మా కోడలచ్చినంక చెప్తది. మా ఇంటాయన పేరే పెట్టిన్రు."

ఫోన్ పెట్టేసి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. షీబా భయపడింది. వెంటనే లావణ్యకు ఫోన్ చేసి ఫోన్ ఎత్తి నువ్వన్నా పేరు చెప్పవేమే అంటే, "మామ పేరు నేనెట్లంట ఒదినె, ఎవలన్న ఇంటే ఏమనుకుంటరు?" అంది. కంపెనీ నడిపేది ఇద్దరు ఆడవాళ్లు. ఇద్దరికీ నోట రాని పేరు పెట్టాను. నేను బిడ్డను కాబట్టి బాపు పేరు ఎన్నిసార్లయినా అంటాను. నువ్వు జీవితంలో ఒక్కసారి కూడా అనలేదన్న సంగతి నాకు తట్టనే లేదు. నవ్వు ఆగిపోయి సిగ్గేసింది.

పేరు మార్చాలని బాపుకు చెప్పడానికి మూడు రోజులు భయపడ్డాను. ఊరంతా చెప్పుకున్నాడు కదా. అంతా విన్నాడు. తర్వాత అన్నాడు: "నా పేరు పట్టా పాసుబుక్కుల ఉన్నది, కరెంటు బిల్లు మీద ఉన్నది. ఇంకెన్ని దిక్కుల గావాలె? పసుపు ఉడకబెట్టింది నేనా? మీ అవ్వను పేరు పెట్టి పిలిచి ఎన్నేండ్లాయెనో, 'ఏమే' అనే పిలుస్తి. ఆమె పేరే పెట్టు. నేను చెప్తే ఇనదు, నువ్వే రాయి."

అవ్వా, కొత్త అడ్రస్ కొనేశాను. ఎవరూ తీసుకోలేదు, నీ కోసమే ఉన్నట్టుంది. "రాజవ్వ పసుపు." నిన్న ఫోన్‌లో తెరిచి చూసుకుంటే ఛాతీ ఉప్పొంగింది. మా మేనేజర్‌కు కూడా చూపించాను, మా అవ్వ కంపెనీ అని.

నలుగురూ నవ్వుతారని అంటావని తెలుసు. నవ్వనీ. ఇన్నేళ్లూ నిన్ను మల్లయ్య పెండ్లామన్నారు, సుజాత అవ్వ అన్నారు. చేతులు పచ్చబడేదాకా పని చేసింది నువ్వు. నువ్వు సరే అంటేనే లావణ్య కొత్త సంచులు అచ్చు వేయిస్తుంది. వద్దంటే ఆపేస్తాం, కానీ వద్దనకు.

శంకరన్న దగ్గర ఖర్జూరాలు, నీ మోకాలికి తైలం పంపాను. ఆయన తిరిగొచ్చేటప్పుడు ఎల్లిపాయ కారం పంపు. చిన్నమ్మకూ వాడకట్టులోని పెద్దలందరికీ నా దండాలు చెప్పు. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించు.

ఇకనుంచి ఫోన్ మోగితే ఏ కంపెనీ అని అడుగుతారు. ఎవరు మాట్లాడేది అని అడుగుతారు. రెండింటికీ నీ పేరు చెప్పు.

ఇట్లు,
రాజవ్వ బిడ్డ
సుజాత