సాక పోసిన గ్లాసు

పెద్దబాపూ,

మల్లేశ్ చేత మళ్లీ తాగించింది నువ్వే.

నాలుగు నెలలు తమ్ముడు చుక్క ముట్టలేదు. తాగాలనిపిస్తే కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమని, ఆ కోరిక దానంతటదే దాటిపోతుందని ఇబ్రహీంపట్నం దవాఖానలో నర్మద మేడం నేర్పింది. బాపు పోయిన మూడో దినాన వాడు అట్లాగే కూర్చున్నాడు. నువ్వు భుజం పట్టి కుదిపి, చేతిలో గ్లాసు పెట్టినవ్.

"ఏందిర, సన్యాసం పుచ్చుకున్నవా? మీ అయ్యకు సాక పోసినం, మిగిలింది కొడుకు తాగాలె!"

తాగి తాగి కడుపుబ్బి చచ్చిన మనిషి సమాధి మీద సాక అని మళ్లీ మందే పోశారు. మీ ఆచారానికి ఒక్క శవం చాల్లేదా? ఇప్పుడు వాడు సిగ్గుతో దవాఖానకు పోనంటున్నాడు.

పదకొండో దినాన సాకకు నీళ్లే పోయాలి.
వాడు కళ్లు మూసుకుంటే ఎవరూ ముట్టుకోవద్దు.
గురువారం వాడి వెంట నువ్వే దవాఖానకు పోవాలి.
'గ్లాసు ఇచ్చింది నేనే' అని మేడం ముందు నీ నోటితో చెప్పాలి.