రేడియోకి ఏ రోగమూ లేదు

మెకానిక్ గారికి,

పదింటికి నర్సమ్మ వస్తుంది. ఇంజెక్షన్‌కి చెయ్యి చాపకండి, ముందు ఈ చీటీ చూపించండి. మీరు లేవకముందే డాక్టరుగారికి ఫోన్ చేశాను. చెవి పరీక్ష అయ్యేదాకా ఆ మందు ఆపమన్నారు, బదులు వేరేది రాస్తారట. జబ్బు తగ్గించే మందే కానీ కొందరికి లోపలి చెవిని తినేస్తుందట. మొదట సన్నటి శబ్దాలు పోతాయట. పోయినవి మళ్ళీ రావట.

నర్సమ్మ రోజూ "చెవుల్లో ఏమైనా హోరుగా ఉందా అంకుల్?" అని అడుగుతూనే ఉంది. "నావి పాము చెవులమ్మా" అని తమరి గొప్పలు! నిన్న నేను స్నానంలో ఉండగా కుక్కరు తొమ్మిది కూతలు కూసింది. పాముగారు దాని పక్కనే కూర్చుని, వేణువు సరిగా పలకట్లేదని రేడియో విప్పుతున్నారు, వారంలో మూడోసారి. నిక్షేపంలాంటి స్పీకరు పీకి పారేశారు. ముప్పై ఏళ్ళ అనుభవం మరి! ఊళ్ళో రేడియోలన్నిటి రోగాలూ చెప్తారు, సొంత చెవి సంగతి మాత్రం తెలీదు.

నాలుగింటికి వచ్చి పరీక్షకి తీసుకెళ్తాను. నీళ్ళు బాగా తాగండి. తల తిరిగితే గోడ పట్టుకుని నడవండి. చెవిలో నూనె పొయ్యకండి. స్క్రూడ్రైవరు నా బ్యాగులో ఉంది, వెతక్కండి.

తా.క. వంటింట్లోంచి పిలిస్తే "ఆ, వస్తున్నా" అంటారు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వచ్చింది లేదు. రాకపోయినా ఫర్వాలేదు. ఆ "ఆ" మాత్రం నాకు కావాలి.