పెద్దాయన వసారాలో కుర్చీ

నాయనా,

నువ్వు పోయి ఏడాదైంది. చెల్లెలి పెళ్లికి పిలవడానికి నిన్న అమ్మా నేనూ పిక్కిలి ఊళ్ళో నువ్వు బతుకంతా కూలి చేసిన పెద్దాయన ఇంటికి వెళ్ళాం. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అమ్మ అలవాటుగా గోడ పక్కన నిలబడింది. నేను కుర్చీలో కూర్చున్నాను.

చిన్నప్పుడు అక్కడే నేలమీద చతికిలబడితే నువ్వు రెక్క పట్టి లేపావు. "పెద్దోళ్ళ ముందర కూర్చోకూడదు పాపా" అన్నావు. నీకది మీ నాయన నేర్పాడు. నా కూతురికి మాత్రం నేను నేర్పను.

పెద్దాయన ముఖం మాడ్చుకున్నాడు. "మీ నాయన ఒకనాడన్నా ఇట్ల కూర్చున్నాడా?"

"లేదు సామీ. ఆయన నిలబడింది చాలు. మా ఇంట్లో ఇంక ఎవురూ నిలబడరు."

ఆయన అమ్మవైపు తిరిగి, "రేపటినించి మా చేన్లో శెనిక్కాయ పెరికేదానికి నువ్వు రావద్దు" అన్నాడు.

అమ్మ నన్ను లేపుతుందనుకున్నాను. కానీ తను పక్క కుర్చీ లాక్కుని, చీర సర్దుకుని, నిదానంగా కూర్చుంది.

"సరే సామీ, రాను. పెండ్లికి మాత్రం మీరు రావల్ల," అంది. "మా ఇంట్లో మీకూ కుర్చీ వేస్తాము."