మధ్యలో ఖాళీ వదిలిన కాగితం

నాయినా,

నీ మనవరాలికి నాలుగేళ్లు నిండాయి. సాయంత్రాలు ఏ క్లాసులో చేర్పించాలో తేలడం లేదు. నీ కోడలు డ్యాన్సంటుంది, పక్కింటివాళ్లు అబాకస్ అంటున్నారు. "మగ్గం నాతోనే ఆఖరు, పిల్లకు ఇంకేదన్న నేర్పియ్యి" అన్నావు గానీ, ఆ ఇంకేదో చెప్పకుండానే పోయావు.

నిన్న గద్వాలలోనే ఒక డ్రాయింగ్ క్లాసుకు తీసుకెళ్లాను. మామిడిపండు గియ్యమంటే, కాగితానికి రెండువైపులా ఎర్రటి అంచులు గీసి, చేతులు కట్టుకుని కూర్చుంది.

"నడిమిట్ల గింత ఖాళీ ఇడిసినవేంది బిడ్డా?" అని టీచరు అడిగింది.

"అది తాత వచ్చి నేస్తడు."

టీచరు నావైపు చూసింది. నేను చేతిలోని ఫారం వైపు చూసుకున్నాను. నువ్వు ఊరికి పోయావని దానికి చెప్పింది నేనే.

ఇప్పుడు ఏ క్లాసులో వెయ్యమంటావు, నాయినా?